సాగే కథ – పొసగని మాట

పాఠ్యభాగ నేపథ్యం

ఏళ్ల తరబడి సాగే కథలలో ముందు చెప్పిన మాటకూ వెనుక చెప్పిన మాటకూ పొంతన కుదరని చోట్లు తప్పక వస్తాయి. విజ్ఞాన కల్పనా ధారావాహికలలో అటువంటి వైరుధ్యాలు ఎలా పుట్టాయో, రచయితలు వాటిని ఎలా సర్దుకొన్నారో, మన అద్దంకి, పల్నాటి సీమల సాహిత్యంలో అదే చిక్కు ఏ రూపం దాల్చిందో ఈ పాఠం చర్చిస్తుంది.

పాఠం

1982లో విడుదలైన ‘స్టార్ ట్రెక్: ద రాత్ ఆఫ్ ఖాన్’ అనే అమెరికన్ చలనచిత్రంలో ఒక సన్నివేశం ఉంది. ఎడారిగా మారిన పరగ్రహం మీద పదిహేనేళ్లు ప్రవాసం గడిపిన ఖాన్ అనే ప్రతినాయకునికి ఇద్దరు నౌకాధికారులు చిక్కుతారు. వారిలో ఒకరిని తాను ఎరుగనంటాడు. రెండవ వానిని చూసి, ఒకసారి చూసిన ముఖాన్ని తాను మరువనని చెప్పి, ‘చెకోవ్’ అని పేరుతో సహా గుర్తిస్తాడు. గగుర్పాటు కలిగించే ఘట్టమే. కాని ఆ కథను మొదటినుంచీ చూస్తూ వచ్చిన ప్రేక్షకులు ఉలిక్కిపడ్డారు. ఖాన్ పాత్ర ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో టెలివిజన్ తెరమీద కనిపించింది 1967 ఫిబ్రవరిలో. చెకోవ్ పాత్ర ఆ ధారావాహికలో ప్రవేశించింది అదే ఏడాది సెప్టెంబరులో. అంటే ఖాన్ తాను ఎన్నడూ చూడని మనిషిని గుర్తుపట్టాడన్నమాట! (ఖాన్ పూర్తి పేరు ఖాన్ నూనియన్ సింగ్. కథలో అతడు ఉత్తర భారతీయుడు. ఆ పేరులోని ముక్కలు ఎలా కలిశాయని మన ప్రేక్షకుడు అడగవచ్చు గాని, అది వేరే ప్రశ్న.)

చెకోవ్ పాత్రధారి వాల్టర్ కొయినిగ్ దీనికి హాస్యంగా ఒక సమాధానం చెప్పేవాడు. చెకోవ్ అప్పటికే నౌకలో ఉన్నాడట. స్నానాల గదిలో చాలాసేపు ఉండిపోయి, బయట ఖాన్‌ను నిలబెట్టాడట. ఆ కోపంతోనే ఖాన్ ఆ ముఖాన్ని మరచిపోలేదట! అభిమానులు ఇదే మాటను మరికొంత గంభీరంగా చెప్పారు: నౌకలో వందల మంది సిబ్బంది ఉంటారు, చెకోవ్ అప్పుడు కెమెరా కంటికి కనబడని విభాగంలో పనిచేస్తూ ఉండవచ్చు. తెరమీద కనిపించనంత మాత్రాన కథలో లేడని ఎందుకనుకోవాలి?

కథలో ఇటువంటి పొసగనితనాన్ని మన ఆలంకారికులు ఏనాడో గుర్తించి పేరు పెట్టారు. సుమారు పదమూడు వందల ఏళ్ల క్రితం దండి తన ‘కావ్యాదర్శం’లో పది కావ్యదోషాలను చెప్పాడు. వాటిలో ఒకటి ‘వ్యర్థం’. నేడు ఈ మాటను ‘పనికిరానిది’ అనే అర్థంలో వాడుతున్నాము. దండి వాడినది ఆ అర్థంలో కాదు. ‘విరుద్ధమైన అర్థం కలది’ అని. ఒకే వాక్యంలో గాని, ఒకే ప్రబంధంలో గాని ముందు చెప్పినదానిని వెనుక చెప్పినది దెబ్బతీస్తే అది వ్యర్థదోషం. వాక్యాన్నీ ప్రబంధాన్నీ ఒకే సూత్రంలో చేర్చడం అతని సూక్ష్మదృష్టికి నిదర్శనం. అంతటితో ఆగక, దీనికి మినహాయింపు కూడా చెప్పాడు. తీవ్రమైన ఆవేశానికి లోనైన మనస్సు పలికే మాటలలో వైరుధ్యం ఉన్నా అది దోషం కాదట. ఏడుస్తున్న మనిషి మాటలలో తర్కాన్ని వెదకరాదు కదా.

దండి ఎదుట ఉన్నది ఒక కవి ఒక సంకల్పంతో రచించిన కావ్యం. పదుల ఏళ్లు, పదుల మంది రచయితల చేతులమీదుగా సాగే కథను అతడు లెక్కలోకి తీసుకొని ఉండడు. ఒక్క చేతిమీద నడిచిన కథలలోనే ఇది తప్పలేదు. ఆర్థర్ కానన్ డాయిల్ సృష్టించిన డాక్టర్ వాట్సన్‌కు 1887 నాటి నవలలో యుద్ధగాయం భుజానికి తగిలింది. 1890 నాటి నవలలో అదే గాయం కాలికి దిగింది. ఇక చేతులు మారితే చెప్పేదేముంది? ‘స్టార్ ట్రెక్’ తొలి రోజుల కథలో నాయకుని పేరు సమాధిరాతి మీద ‘జేమ్స్ ఆర్. కర్క్’ అని కనబడుతుంది. తరువాత అతడు శాశ్వతంగా ‘జేమ్స్ టి. కర్క్’ అయ్యాడు. ఇవి అజాగ్రత్త వల్ల పుట్టినవి. ఇంతకంటె ఆలోచింపదగినవి ఉన్నాయి.

‘స్టార్ ట్రెక్’లో క్లింగాన్లు అనే యోధజాతి ఒకటి ఉంది. 1960లలో వేషధారణకు కేటాయించిన ధనం తక్కువ కావడంతో వారు దాదాపు మామూలు మనుషులవలెనే కనిపించేవారు. 1979లో చలనచిత్రం తీసేనాటికి ధనం సమకూరింది. క్లింగాన్ల నుదుటిమీద ఎముకల గట్లు మొలిచాయి. ఒక జాతి రూపమే మారిపోయినా చాలాకాలం ఎవరూ కథలో ఆ ప్రస్తావన తేలేదు. రంగస్థలం మీద అట్టకిరీటాన్ని బంగారమని ఒప్పుకొన్నట్లే ప్రేక్షకులు ఒప్పుకొన్నారు. 1996లో ఒక కథ పాత్రలను కాలంలో వెనుకకు నడిపించి, పాత క్లింగాన్ల ఎదుట కొత్త క్లింగాన్‌ను నిలబెట్టింది. ఇక తప్పించుకొనే దారి లేదు. ఎందుకిలా ఉన్నారని సహచరులు అడిగితే, వార్ఫ్ అనే ఆ క్లింగాన్, ఇది తాము బయటివారితో చర్చించే విషయం కాదని ముక్తసరిగా చెప్పి ఊరుకొంటాడు. నా దృష్టిలో ఇంతకంటె చక్కని పరిష్కారం మరొకటి లేదు. ఒక్క మాటతో రచయిత లోపాన్ని ఒప్పుకొన్నాడు, పాత్ర అభిమానాన్ని నిలిపాడు, ప్రేక్షకుణ్ణి నవ్వించాడు. 2005లో మరో రచయితల బృందం దీనికి కారణం కల్పించింది. జన్యుప్రయోగాల వల్ల పుట్టిన ఒక వైరస్ సోకి కొందరి నుదుటి గట్లు పోయాయని రెండు భాగాల కథ నడిపింది. అది శ్రద్ధగా చేసిన పనే. అయినా వార్ఫ్ మౌనానికి ఉన్న సొగసు దానికి లేదు.

కొన్ని వైరుధ్యాలు రచయితల వల్ల కాక కాలం వల్ల వస్తాయి. ఖాన్ ప్రపంచాన్ని గడగడలాడించిన యుద్ధాలు 1990లలో జరిగాయని 1967 నాటి కథ చెప్పింది. 1990లు వచ్చాయి, వెళ్లాయి. ఖాన్ రాలేదు. 2023లో ప్రసారమైన ఒక భాగంలో, భవిష్యత్తునుంచి వచ్చినవారు చరిత్రలో జోక్యం చేసుకోవడం వల్ల ఆ ఘటనలు వెనుకకు జరిగాయని సర్దిచెప్పారు. అంతకుముందు 2009 నాటి చలనచిత్రం చరిత్రను మరో పాయగా చీల్చి, పాత కథ పాతదిగానే ఉండగా కొత్త కథకు వేరే దారి వేసుకొంది.

ఈ ఉపాయం మనకు కొత్తది కాదు. పురాణాలలో వినాయకుని జననకథ ఒకచోట ఒక తీరుగా, మరొకచోట మరొక తీరుగా ఉంటుంది. తల శివుని వలన తెగిందని ఒకటి, శని చూపు వలన పోయిందని మరొకటి. రెండూ ఎలా నిజమవుతాయి? కల్పభేదం వల్ల అని శివపురాణమే సమాధానం చెబుతుంది. సృష్టి మరల మరల జరుగుతుంది. ఒక కల్పంలో జరిగినట్లే మరొక కల్పంలో జరగనక్కరలేదు. కాలప్రవాహం పాయలుగా చీలిందని టెలివిజన్ రచయిత చేసిన కల్పనకూ, పౌరాణికుని కల్పభేదానికీ చేసే పనిలో తేడా లేదు. ఏ కథనూ అబద్ధమనకుండా అన్నింటినీ నిలుపుకోవడమే ఆ పని.

బ్రిటన్‌లో 1963 నవంబరు 23న మొదలైన ‘డాక్టర్ హూ’ ధారావాహిక ఈ విషయంలో ఒక గని. అట్లాంటిస్ అనే పురాతన ద్వీపం నశించడానికి ఆ ధారావాహిక 1967లో ఒక కారణం, 1971లో ఒక కారణం, 1972లో ఇంకొక కారణం చెప్పింది. అది అలా ఉంచి, అసలు విశేషం చూద్దాం. 1966లో నాయక పాత్రధారి విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతిన్నది. మన దైనిక ధారావాహికలలో నటుడు మారితే ఇకపై ఈ పాత్రలో ఫలానావారు నటిస్తారని తెరమీద ఒక ప్రకటన వేసి ఊరుకొంటారు. వారు అలా చేయలేదు. ఈ కాలయాత్రికుడు మానవుడు కాడు కనుక, శరీరం జీర్ణించినప్పుడు అది మరో రూపంగా మారుతుందని కల్పించి, ప్యాట్రిక్ ట్రౌటన్‌ను ఆ పాత్రలోకి తెచ్చారు. ఇది పరకాయ ప్రవేశం కాదు; అదే కాయం రూపు మార్చుకోవడం. ఒక ముసలి నటుని అనారోగ్యం ఆ కథకు ప్రాణసూత్రమైంది. దానివల్లనే అది ఇన్ని దశాబ్దాలు బతికింది.

అయితే ఒక వరానికి హద్దు కూడా కల్పించాలనే చాపల్యం రచయితకు ఉంటుంది. 1976 చివరలో వచ్చిన ఒక కథ, ఈ జాతివారు పన్నెండు మార్లు మాత్రమే రూపం మార్చుకోగలరని చెప్పింది. నాడు ఆ సంఖ్య చాలా పెద్దదిగా తోచి ఉంటుంది. 2013 నాటికి లెక్క నిండింది. అప్పుడు ఆ జాతివారే అతనికి మరొక విడత రూపాలను ప్రసాదించినట్లు కథ అల్లవలసి వచ్చింది. ఇంకొక చిత్రం: అదే 1976 జనవరిలో ప్రసారమైన కథలో హార్ట్‌నెల్‌కు ముందు కూడా అతనికి కొన్ని ముఖాలు ఉన్నట్లు తెరమీద క్షణకాలం మెరిశాయి. ఆ ముఖాలు ఎవరివన్న వాదం నలభై నాలుగేళ్లు నడిచింది. 2020 మార్చిలో ప్రసారమైన కథ, నాయకునికే గుర్తులేని పూర్వజన్మలు ఉన్నాయని చెప్పి వాటికి చోటు కల్పించింది. ఆ పరిష్కారం నచ్చినవారు కొందరు, నచ్చనివారు ఇంకొందరు.

ఇక మన సీమకు వద్దాం. ఒక పెద్ద కథ, ముగ్గురు రచయితలు, సుమారు మూడు వందల ఏళ్లు – ఇది ఆంధ్రమహాభారతం. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ప్రేరణతో నన్నయ ఆది, సభాపర్వాలను పూర్తిచేసి, అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో 142వ పద్యం దాకా వచ్చి ఆగాడు. 13వ శతాబ్దిలో నెల్లూరి తిక్కన ఆ శేషాన్ని ముట్టకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలను రచించి హరిహరనాథునికి అంకితమిచ్చాడు. (తిక్కన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు సీమను ఏలినవాడు కనుక ఈయనపై మనకూ కొంత హక్కు ఉంది.) మధ్యలో గండి మిగిలింది. దానిని పూడ్చినవాడు 14వ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన.

ఎఱ్ఱన ఇబ్బందిని ఊహించండి. ఇవతలి గట్టున నన్నయ, అవతలి గట్టున తిక్కన. ఇద్దరి శైలీ వేరు. ఇద్దరి కృతిభర్తలూ వేరు: ఒకరు రాజు, మరొకరు దేవుడు. తాను పోసే మట్టి రెండు గట్లకూ అతకాలి. కొత్తగా కట్టినట్లు కనబడరాదు. అతడు కోరుకొంటే ఆ భాగాన్ని తన ప్రభువైన వేమారెడ్డికి అంకితమీయవచ్చు. హరివంశాన్ని ఆయనకే ఇచ్చాడు కూడా. అరణ్యపర్వ శేషాన్ని మాత్రం కాలగర్భంలో కలిసి దాదాపు మూడు శతాబ్దాలైన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. అది నన్నయ రచనగానే చెల్లాలని ఆశించాడు. అంకితం మారి ఉంటే ఒకే పర్వం నడుమ కృతిభర్త మారినట్లయ్యేది. పైన చెప్పిన వ్యర్థదోషానికి అంతకంటె కొట్టవచ్చినట్లు కనిపించే ఉదాహరణ ఉండేది కాదు.

కథాసంధిని చూడండి. నన్నయ విడిచిన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. ఎఱ్ఱన ఎత్తుకొన్నది శరత్కాలపు ఉదయాన్ని. రాత్రి నిద్రించిన కథ తెల్లవారి లేచినట్లుంటుంది. ఆ రాత్రికీ ఆ ఉదయానికీ నడుమ దాదాపు మూడు వందల ఏళ్లు గడిచాయని తెలియని పాఠకునికి చెబితే తప్ప తట్టదు. విమర్శకులు మరొక విషయం కూడా గుర్తించారు. నన్నయ వలె మొదలైన ఎఱ్ఱన నడక పర్వం ముగింపుకు వచ్చేసరికి తిక్కన నడకకు దగ్గరవుతుంది. కవిత్రయంలో మూడవ స్థానం ఇచ్చి మనం ఎఱ్ఱనకు కొంత అన్యాయం చేశామని నాకు అనిపిస్తుంది. తన గొంతును ఇంతగా అణచుకొని ఇంకొకరి గొంతుతో పలకడం తక్కువ ప్రతిభకు సాధ్యం కాదు.

ఎఱ్ఱన మార్గం ఇదొక్కటే సరైనదని అనుకొనే ముందు పల్నాటికి కూడా వెళ్లిరావాలి. 12వ శతాబ్దిలో గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. ఒకవైపు నాయకురాలు నాగమ్మ, ఇంకొకవైపు బ్రహ్మనాయుడు. కోడిపోరులో ఓడిన మాచర్లవారు ఏడేళ్లు ప్రవాసం వెళ్లారు. ప్రవాసకాలంలో వారి ఆలమందలపై దాడి జరిగింది. గడువు తీరాక అలరాజు రాయబారం వెళ్లి విషప్రయోగానికి బలి అయ్యాడు. చివరకు కారెంపూడి రణక్షేత్రంలో బాలచంద్రాదులు నేలకొరిగారు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. అంతకంటె ముందునుంచీ ఈ కథను వీరవిద్యావంతులు పాడుతున్నారు. అమెరికన్ పండితుడు జీన్ రోఘెయిర్ 1970లలో ఒక గాయకుని నోట ఈ కథను రికార్డు చేసి, ఆంగ్లానువాదంతో 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రకటించాడు. పాడే కథా, అచ్చులోని కథా అన్నిచోట్లా ఒకటి కావు. ఒకరి కథనంలో నాగమ్మ కుట్రలకు మూలం. ఇంకొకరి దృష్టిలో ఆమె పురుషుల కొలువులో రాజ్యం నడిపిన ధీశాలి.

వీటన్నింటికంటె ఆశ్చర్యకరమైన వైరుధ్యం పుస్తకంలో లేదు, కారెంపూడి వీధులలో ఉంది. కార్తిక అమావాస్యతో మొదలై ఐదు రోజులపాటు నాగులేటి ఒడ్డున వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. ఆ వేళకు చుట్టుపక్కల పొలాలలో పత్తి తీతలు సాగుతూ ఉంటాయి, మిరపచేలు పూతమీద ఉంటాయి. అయినా దూరదూరాలనుంచి ఆచారవంతులు తమ వీరుల ఆయుధాలైన కొణతాలను తీసుకొని వస్తారు. ఉత్సవదినాల పేర్లు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ వరుసను కథతో పోల్చి చూడండి. కథలో ముందు కోడిపోరు, తరువాత మందపోరు, ఆ తరువాత రాయబారం. ఉత్సవంలో ముందు రాయబారం, తరువాత మందపోరు, ఆ తరువాత కోడిపోరు. నడిమి మూడు రోజులూ కథకు సరిగా ఎదురు నడుస్తున్నాయి!

పుస్తకం చదివి కారెంపూడి వెళ్లిన విద్యావంతునికి దీనిని దిద్దాలనిపించడం సహజం. రెండవ రోజునూ నాల్గవ రోజునూ తారుమారు చేస్తే చాలును కదా, కథ సరిపోతుంది. నేను ఆ ఆలోచనను అంగీకరించను. అక్కడికి వచ్చేవారిలో కథ తెలియనివారు ఎవరు? కోడి ఓడిపోతుందనీ, అలరాజు తిరిగిరాడనీ ఊయలనాడే విన్నవారు వారు. తరువాత ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి వారు రాలేదు. ఉత్సవం కథను చెప్పడం లేదు, వీరులను కొలుస్తున్నది. కొలువుకు తనదైన వరుస ఉంటుంది. ఆ వరుస ఎందుకు ఇలా ఏర్పడిందో విచారించదలచిన రేపటి పరిశోధకునికి ఈ పొసగనితనమే ఆధారం. దిద్దిన మరుక్షణం ఆ ఆధారం పోతుంది. మళ్లీ దొరకదు.

గ్రంథపరిష్కరణలో పెద్దలు అనుసరించిన పద్ధతి కూడా ఇదే. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో సంస్కృత మహాభారత పరిష్కరణకు పూనుకొని, 1259 వ్రాతప్రతులను పరిశీలించి, 1966లో మూలప్రచురణను ముగించింది. తెలుగు లిపిలోని ప్రతులు కూడా వాటిలో ఉన్నాయి. ప్రధాన సంపాదకుడు వి.ఎస్. సుక్తాంకర్, పాఠాలు పరస్పరం విభేదించినచోట నునుపైన పాఠాన్ని సందేహించమన్నాడు. లేఖకుడు కష్టమైన మాటను సుళువు చేస్తాడే గాని, సుళువైన మాటను కష్టం చేయడు. కనుక పొసగనట్లు కనిపించే పాఠమే ప్రాచీనమైనది కావచ్చు. వదలిన పాఠాలను కూడా ఆ సంపాదకులు పారవేయక పుటల అడుగున అచ్చువేశారు.

ఎఱ్ఱన సైతం నన్నయ పద్యాలలో ఒక్కటైనా తిరగరాయలేదు, తిక్కన విరాటపర్వాన్ని సవరించలేదు. ఖాళీగా ఉన్నచోట మాత్రమే రాశాడు. వార్ఫ్ చేత ఆ మాట పలికించిన రచయిత కూడా 1960ల నాటి చిత్రాలను చెరిపివేయలేదు. ఆ పాత చిత్రాలలోకే తన పాత్రలను నడిపించాడు. 2022 ఏప్రిల్‌లో కారెంపూడి కొత్త పల్నాడు జిల్లాలోకి వచ్చింది. ఉత్సవం ఐదు రోజులూ పాత వరుసలోనే ఉన్నాయి. ఐదవ రోజైన కల్లిపాడునాడు మాత్రం కథా, ఉత్సవం ఒకచోట కలుస్తాయి. ఆనాడు వీరులు నేలకొరుగుతారు.

అభ్యాసం

వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. అరణ్యపర్వ శేషపూరణలో ఎఱ్ఱన ఎదుర్కొన్న చిక్కులను, వాటిని అతడు దాటిన తీరును వివరించండి.
2. కారెంపూడి ఉత్సవాల వరుసను దిద్దరాదన్న రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.

సంగ్రహ సమాధానాలు రాయండి.
3. ‘వ్యర్థం’ అనే దోషాన్ని దండి ఎలా నిర్వచించాడు? దానికి అతడు చెప్పిన మినహాయింపు ఏమిటి?
4. కల్పభేదానికీ, విజ్ఞాన కల్పనా కథలలోని కాలప్రవాహపు చీలికకూ గల పోలిక ఏమిటి?
5. మీ ఊరిలో పాడే లేదా చెప్పే ఒక కథను ఇద్దరు పెద్దలనుంచి విడివిడిగా విని, తేడాలను యథాతథంగా రాయండి.